ముందు చక్రంలో గాలి

“మళ్లీ పద్దెనిమిదే,” అన్నాడు ఖుతైబా, పికప్పు మీంచి తన మోటారుసైకిలు దింపిస్తూ. “నీ కొత్త సెన్సారు పాతదానికంటే నిబ్బరంగా అబద్ధమాడుతోంది, ఉస్తాద్.”

మెకానిక్ ముతసిమ్ తాళంచెవి తిప్పాడు. ముందు చక్రంలో గాలి ముప్పయ్యారు పౌండ్లని చూపించాల్సిన చోట ఎర్రగా పద్దెనిమిది వెలిగింది. చేతి మీటరు పెట్టి చూశాడు. అదీ పద్దెనిమిదే అంది.

“అబద్ధం కాదన్నా. గాలి నిజంగానే లేదు.”

“మృత సముద్రం వైపు దిగుతుంటే తగ్గుతుందని నువ్వే అన్నావుగా?”

“లోయలోకి దిగితే రెండు తగ్గుతుంది. నువ్వింకా ఇంటి గేటే దాటలేదు, పద్దెనిమిది తగ్గింది. మీ వీధి అంత లోతా?”

షెడ్డు గుమ్మంలో టీ గ్లాసుతో కూర్చున్న ముతసిమ్ తండ్రి హాజీ రాతిబ్ నవ్వాడు. నలభై ఏళ్లు సైకిళ్లు బాగుచేసిన మనిషి. “మా రోజుల్లో బొటనవేలితో నొక్కి చూసేవాళ్లం. ఇప్పుడు చక్రం తన కష్టం చెప్పుకోవడానికి లోపల రేడియో కావలసి వచ్చింది. పైగా ఈ బండికంటే దాన్ని మోసే పికప్పే ఎక్కువ తిరిగింది.”

ఇది మూడో శనివారం. మొదటిసారి ముతసిమ్ సెన్సారు మీది గట్టి జిగురును కోసి, లోపలి బ్యాటరీ మార్చి, టంకం వేశాడు. రెండోసారి సెన్సారే కొత్తది పెట్టాడు. రెండుసార్లూ చక్రం వారమంతా బుద్ధిగా ఉండి, సరిగ్గా శుక్రవారం ఉదయం, ఖుతైబా మోటారుసైకిళ్ల క్లబ్బువాళ్లు షికారుకు బయలుదేరే వేళకు గాలి వదిలేసింది. శుక్రవారం సెలవు పాటించే చక్రాన్ని హాజీ రాతిబ్ తన జీవితంలో చూడలేదు.

క్లబ్బువాళ్లు మంచివాళ్లు. ఫిబ్రవరిలో మృత సముద్రం దారి మలుపులో తమలో ఒకడైన మజ్ది జారిపడి చనిపోయినప్పుడు వాళ్లు వారం రోజులు సంతాపం పాటించారు. అంతకంటే ఎక్కువైతే బండ్లు తుప్పు పడతాయని వాళ్ల నమ్మకం. ఆ రోజు మజ్ది వెనకే వస్తున్న ఖుతైబాను మళ్లీ రోడ్డెక్కిస్తే అన్నీ సర్దుకుంటాయని వాళ్లే తీర్మానించారు. అతన్ని అడగవలసిన అవసరం ఎవరికీ కనపడలేదు. రానన్నవాడికి పిల్లల మూడు చక్రాల బండి కానుకగా పంపే సరదా కూడా వాళ్లకుంది. నిరుడు ఒకాయనకు పంపారు. గులాబీ రంగుది.

మధ్యాహ్నం క్లబ్బు పెద్ద నిదాల్ ఇంజనీరు ఫోను చేశాడు.

“ఉస్తాద్, వచ్చే శుక్రవారం మజ్ది పడిన మలుపులో పూలదండ వేస్తున్నాం. తర్వాత ఫలాఫెల్ వడల ఫలహారం. అందరికంటే ముందు ఖుతైబా బండి ఉండాలి. ఈసారీ అది కదలకపోతే, మా పన్నెండు బండ్లూ నీ షెడ్డు మొహం చూడవు.”

ఆ పన్నెండు బండ్లు పోతే షెడ్డులో మిగిలేది హాజీ రాతిబ్, ఆయన టీ గ్లాసు.

ముతసిమ్ మళ్లీ ముందు చక్రం విప్పాడు. టైరు అంచును రిమ్ము నుంచి ఊడదీశాడు. ఇంకో కొత్త సెన్సారు, దానితో పాటు కొత్త వాల్వు, కొత్త రబ్బరు వాషరు. గాలి నింపి చక్రాన్ని నీళ్ల తొట్టిలో ముంచాడు. తండ్రీకొడుకులిద్దరూ తొట్టి మీదకు వంగి చూశారు. ఒక్క బుడగ రాలేదు.

“ఒరేయ్,” అన్నాడు హాజీ రాతిబ్ నెమ్మదిగా, “అతని ఇంట్లో ఆవిడకు ఈ బండంటే ఇష్టమేనా?”

“మజ్ది పోయిన రోజే దీన్ని పాత సామాన్లవాడికి వేసేయమందట.”

“మరింకేం. నీ సెన్సారుకు రోగం లేదు. రోగం ఆ కాపురంలో ఉంది. పొద్దున్నే ఒక సన్నటి పుల్లతో వాల్వు నొక్కితే చాలు, మొగుడు ఇంట్లో ఉంటాడు. తెలివైన పిల్ల.”

“ఆమె తెలివికి నా షెడ్డు మూతపడాలా? శుక్రవారం వెళ్లి కళ్లారా చూస్తాను.”

శుక్రవారం తెల్లవారుజామున, ప్రార్థన అయీ కాకముందే ముతసిమ్ ఖుతైబా ఇంటి ఎదుటి రొట్టెల కొట్లో కూర్చున్నాడు. గేటు కమ్మీల మధ్య నుంచి బండి ముందు చక్రం చక్కగా కనిపిస్తోంది. వేడి రొట్టె ఒకటి తీసుకుని కొరికాడు. కాసేపటికి గేటు లోపల అలికిడి అయింది. చేతిలో రొట్టె సగంలోనే ఆగిపోయింది.

అతను గేటు దాకా వెళ్లలేదు. ఎవరినీ పిలవలేదు. ఇంటికి వచ్చి, ఫూల్ చిక్కుడు గింజల కూర గిన్నె ముందు తండ్రి పక్కన కూర్చున్నాడు. ఏడింటికి ఫోను మోగింది.

“మళ్లీ పద్దెనిమిదట!” నిదాల్ అరుపు గదంతా వినపడింది. “పూలదండ పట్టుకుని రోడ్డు మీద నిలబడ్డాం. మూడు వారాలు ఏం వెలగబెట్టావయ్యా?”

“తప్పు నాదే, ఇంజనీరు గారూ. వాల్వు బిగించడం నాకు చేతకాలేదు.”

“రాలేకపోతున్నానని ఖుతైబా ఫోనులో ఏడ్చేశాడు, తెలుసా?”

“తెలుసు.”

“రేపటి నుంచి మా బండ్లు వేరే షెడ్డుకు.”

“మీ ఇష్టం. ఒక్కమాట. ఆ వాల్వు రకం బజారులో దొరకడం లేదు. అతని బండి బాగవడానికి చాలా నెలలు పడుతుంది. తొందరపెట్టకండి.”

ఫోను పెట్టేశాక హాజీ రాతిబ్ రొట్టె ముక్క గిన్నెలో పడేశాడు.

“మతి పోయిందట్రా? ఒక్క బుడగ రాలేదు, నేనే చూశాను! పరాయి ఇల్లాలి గుట్టు కోసం పన్నెండు బండ్లు వదులుకుంటావా?”

“ఆవిడ కిటికీ కూడా తెరవలేదు, నాన్నా.”

“మరి ఎవరు?”

ముతసిమ్ గిన్నె పక్కకు జరిపాడు.

“గాలి తీసింది ఖుతైబాయే.”