బావిలో ఏనుగుకు ఆధారం

"ఆధారాల పట్టికలో 'అమ్మమ్మ చెప్పింది' అంటే కుదరదమ్మా. ఆమె పూర్తి పేరు, ఊరు, చెప్పిన తేదీ, ఆమెకు ఎవరు చెప్పారో కూడా రాయాలి," అని సార్ పరిశోధన పత్రాన్ని తిప్పి ఇచ్చేశారు. గడువు రేపే.

జెరూషా నేరుగా అల్వాల్‌లో అమ్మమ్మ ఇంటికి పరుగెత్తింది.

అమ్మమ్మ ఆలిస్ ముప్పై ఏళ్లు సండే స్కూల్లో పాఠాలు చెప్పిన మనిషి. అధ్యాయం, వచనం చెప్పకుండా పాస్టరుగారు వాక్యం ఎత్తినా ఊరుకోదు.

"నా పేరు పక్కన రిటైర్డ్ టీచర్ అని పెట్టావా?" అని అడిగింది, విషయం విని.

"పెట్టిన అమ్మమ్మా. మన వీధి బావిలో దొరగారి ఏనుగు పడ్డదని నీకెవరు చెప్పిన్రు? జెర యాద్ చేస్కో. పేపరంతా ఆ ఏనుగు మీదనే ఉంది."

"యాద్ చేసుకోవడమెందుకు? ఎవరేం చెప్పినా రాసిపెట్టుకుంటాను నేను."

ఆలిస్ బీరువాలోంచి పాత నోటుబుక్కు తీసి, పేజీలు తిప్పి, ఒకచోట వేలు ఆపింది.

"ఇదిగో. 2013 జూలై 14, ఆదివారం. చెప్పినవారు..." తలెత్తి మనవరాలిని చూసింది. "నువ్వేనే! ఆరో తరగతి. సండే స్కూలుకు గంట లేటుగా వచ్చి, ఏనుగు పడ్డ బావిని చూస్తూ నిలబడిపోయానన్నావు."

జెరూషా నోటుబుక్కులోకి తొంగిచూసింది.

"నీకెవరు చెప్పారో అడగడం ఆరోజు మర్చిపోయాను. ఇప్పుడు చెప్పు, రాసుకుంటాను," అంటూ ఆలిస్ పెన్ను మూత తీసింది.

జెరూషాకు ఆ ఆదివారం బాగా గుర్తుంది. బావి దగ్గర ఏనుగు ఊసే లేదు. మిర్చి బజ్జీల బండి ఉంది.