నాలుగో సెన్సర్

ఏసీ చెడిపోయి ప్రయోగశాల కాలిన పెనంలా ఉంది.

"సార్, నాలుగోది మళ్లీ మండిపడింది," అంది కొత్తగా చేరిన అమ్మాయి, తెర మీంచి కళ్లు తీయకుండా.

అంతరిక్షం నుంచి దిగొచ్చే నౌకకు చిన్న నమూనా ఒకటి చేసి బిగించారు. దాని మీదికి గొట్టంలోంచి తూటాకన్నా వేగంగా గాలిని వదులుతారు. రెప్ప వేసేలోగా అయిపోతుంది. ఆ కాస్తలోనే ఎక్కడ ఎంత వేడెక్కిందో సెన్సర్లు పట్టుకోవాలి.

మిగతావన్నీ బుద్ధిగా ఒకే మాట చెబుతున్నాయి. నాలుగోది మాత్రం ప్రతిసారీ రెట్టింపు చూపిస్తోంది. దానికి గయ్యాళి అని పేరు పెట్టారు.

"ఊడదీసి సరిచూసి, మళ్లీ మొదట్నుంచీ కొలవాలి సార్. వారం పడుతుంది."

"రిపోర్టు సాయంత్రానికి పోవాలి. నీ ఉద్యోగం ఖాయం కావాలా, వద్దా? మూడోదీ ఐదోదీ కలిపి సగం చేసి, దాని నోట్లో కుక్కు."

కుక్కింది. తెర మీద గీత తలవంచుకుంది.

గుమ్మంలో ఎవరో దగ్గారు. సాదా చొక్కా, చేతిలో చిన్న సంచి.

"వచ్చావా నాయనా! పొద్దుట్నుంచీ ఉడికి చస్తున్నాం. ఏసీ అదిగో," అన్నాడు సార్.

వచ్చినతని చూపు తెర మీదే ఉంది.

"ఇందాక ఇక్కడ గీత పైకి లేచింది కదమ్మా?"

"దాని పొగరు అణిచాం," అంది ఆమె.

"మళ్లీ కొలిచి చూడకూడదూ?"

"చొక్కా గుడ్డ కొలిచినట్టా అన్నా? నీ పని నువ్వు చూసుకో."

"ఆ చోటుకి లోపలివైపు ఏముంటుంది?"

"సీటు."

"మనిషి కూర్చునేదా?"

"కాదు, సిమెంటు బస్తా!" అన్నాడు సార్, పగలబడి నవ్వుతూ. సార్ నవ్వాడు కాబట్టి ఆమె కూడా నవ్వింది.

నవ్వులు ఆగేదాకా అతను ఓపిగ్గా నిలబడ్డాడు.

"ఒక్క మాట చెప్పు తల్లీ. మీ లెక్కని నమ్మొచ్చా?"

ఆమె సార్ వైపు చూసింది. సార్ ఆమెనే చూస్తున్నాడు.

"కళ్లు మూసుకుని నమ్మొచ్చు."

అతని ముఖం తేటపడింది. "అంతే చాలమ్మా," అని వెళ్లిపోయాడు.

"వీడికి ఏసీ తప్ప అన్నీ కావాలి!" అన్నాడు సార్.

సాయంత్రం ఇంకెవరో వచ్చి ఏసీ బాగుచేశారు. రిపోర్టు వెళ్లింది. ఆమె ఉద్యోగం ఖాయమైంది.

ప్రయోగం రోజున అందరూ టీవీ ముందు చేరారు. రాకెట్ నిప్పులు కక్కుతూ లేచింది. చప్పట్లతో గది దద్దరిల్లింది.

"చూశావా, నీ లెక్క ఎలా ఎగిరిందో!" అన్నాడు సార్.

అప్పుడు టీవీ నౌక లోపలి సీటును చూపించింది.

అందులో కూర్చుని చెయ్యి ఊపుతున్నది, ఆ రోజు ఏసీని ముట్టుకోకుండానే వెళ్లిపోయిన మనిషి.