గూటికి కిటికీ

"దూదిపింజా! ఒరేయ్ దూదిపింజా! ఏమిట్రా ఇది?" అని గిజిగాళ్ళ బడి పంతులుగారు ఈతమట్ట మీంచి కేకేశారు.

పిల్లలంతా పంతులుగారు చెప్పినట్టే ఆనపకాయ బుర్రల్లాంటి గూళ్ళు అల్లారు. దూదిపింజ గూటికి మాత్రం పక్కన గుండ్రటి కన్నం ఉంది.

"కిటికీ అండీ. వానొస్తుంటే లోపల కూచుని చూద్దామని."

పిల్లలు కిచకిచా నవ్వారు.

"మా తాత పెట్టాడా కిటికీ? మా ముత్తాత పెట్టాడా? ఇప్పుడే విప్పేసి నాలాగా అల్లు. లేదంటే రేపట్నించి బడికి రాకు!"

దూదిపింజకి ఏడుపొచ్చింది. మూడు రోజులు ముక్కు నొప్పెట్టేలా అల్లిన గూడు అది. పైగా మబ్బు అప్పుడే ఎంతో అందంగా కమ్ముకొస్తోంది. అయినా బడి మానలేక ఒక పోచ లాగి, "మీలాగే అల్లుతానండీ. మొదటి ముడి ఒక్కటి వేసి చూపించండి" అన్నాడు.

పంతులుగారు దగ్గారు. గాలెక్కువగా ఉందన్నారు. పోచ ముదిరిపోయిందన్నారు. పిల్లలు మెడలు చాచి చుట్టూ చేరేసరికి ఇక తప్పక పోచ అందుకున్నారు. అది ఈతమట్టకి కాకుండా ఆయన కాలికి చుట్టుకుంది. పంతులుగారు తలకిందులుగా వేలాడారు.

నవ్వు ఆపుకోవడానికి పిల్లలు నోట్లో గడ్డి కుక్కుకున్నారు. దూదిపింజ ఒక్కడే ఎగిరొచ్చి ముడి విప్పాడు.

"ఆ కిటికీ అలాగే ఉండనీరా" అన్నారు పంతులుగారు ఈకలు సర్దుకుంటూ. తర్వాత అందరికీ వినబడేలా చెప్పేశారు. "నేను ఇంతవరకూ ఒక్క గూడూ అల్లలేదర్రా. మా పంతులుగారు వదిలేసిన గూట్లోనే ఉంటున్నాను. సొంతంగా అల్లితే తప్పవుతుందేమోనని భయం నాకు."