రెండో విస్తరి

“ఒక్క బెల్లం ఓళిగ పెట్టు గంగీ, నీ కాళ్లు మొక్కుతా,” అన్నాడు ఈరప్ప.

గంగక్క మొగుడి కాలి పుండుకేసి చూసింది. ఈ చక్కెర జబ్బుకు అన్నమూ బెల్లమూ విషమేనని, ఆకుకూరలే తినాలని అనంతపురం డాక్టరు మరీ మరీ చెప్పి పంపాడు.

“పెద్దల పండగని చచ్చిన మా నాయనకు విస్తరి నిండా పెట్టినావు. రేపు నేను చచ్చినాక నాకూ పెడతావు గదా! అదేదో ఇప్పుడే పెట్టు.”

గంగక్క గోడవార మామకు వేసిన విస్తరి పక్కనే ఇంకోటి వేసింది. రెండు ఓళిగలు పెట్టి, నెయ్యి పోసి, ఊదుబత్తి వెలిగించింది.

“రా, తిను,” అంది.

ఈరప్ప చాచిన చెయ్యి పొగ దగ్గరే ఆగిపోయింది. తండ్రి విస్తరినీ తన విస్తరినీ మార్చి మార్చి చూశాడు.

“ఆ ఊదుబత్తి ఆర్పేయి గంగీ,” అన్నాడు. “నాకు ఆకుకూరే పెట్టు.”