నా స్వార్థమే

“అంటే వాడి గొంతుకు రంధ్రం పెట్టించి, జన్మంతా మిషనుకు కట్టేస్తావన్నమాట,” అన్నాడు బావగారు.

“కట్టేస్తాను,” అంది ఆమె. గుప్పిట్లో మందుల చీటీలాంటి కాగితం నలుగుతోంది.

మంచం మీద భర్త, ముక్కుకు మాస్కుతో, ఇద్దరినీ మార్చి మార్చి చూస్తున్నాడు. జబ్బు ముందు కాళ్ళు తీసుకుంది, తర్వాత చేతులు, మాట. ఇప్పుడు ఊపిరి దాకా వచ్చింది. మాస్కు ఇంక చాలదనీ, గొంతులో గొట్టం వేస్తే మిషను ఊపిరి పోస్తుందనీ, వద్దంటే బాధ తెలియకుండా సాగనంపుతామనీ, ఏదో ఒకటి ఈరోజే తేల్చమనీ చెప్పింది డాక్టరమ్మ. అతన్నే అడిగితే, ఎదురుగా నిలబెట్టిన అక్షరాల అట్ట మీద కళ్ళు తిప్పి రెండే మాటలు చెప్పాడు: ఆమె ఇష్టం.

పద్దెనిమిదేళ్ళు నాటకాల్లో తెర పక్కన నిలబడి, నటులు మరిచిపోయిన మాట అందించినవాడు. వెలుగులోకి వచ్చింది లేదు. పెంచిన అన్నయ్యను కూడా నాకిది కావాలని ఏనాడూ అడగలేదు. అలాంటి మెతక మనిషిని ఇంకా హింసపెట్టడం పాపమని బావగారి బాధ. రాత్రింబవళ్ళు పక్కన మనిషి ఉండాలి, గంటగంటకీ కఫం తీయాలి, నీ ఒళ్ళేమవుతుందో చూసుకున్నావా అని ఆయన ఏకరువు పెట్టాడు. కఫం తీయడం నేర్చుకున్నానంది ఆమె. నా ఒంటి సంగతి నేను చూసుకుంటానంది. పెళ్ళయిన దగ్గర్నుంచి ఆయన ముందు తలెత్తి మాట్లాడని మనిషి.

“ఇంత నోరు ఎక్కణ్ణుంచి వచ్చిందమ్మా నీకు? వాడి గురించి ఆలోచించవా?”

ఆమె నోరు తెరిచింది. మాట రాలేదు. భర్త వైపు చూసింది. అతని కళ్ళు అట్ట మీద ఒక అక్షరం దగ్గర నిలబడిపోయాయి.

“దాహమేస్తోందేమో వాడికి, చూడు.”

“ఆలోచించను,” అంది ఆమె గబుక్కున. “నా స్వార్థమే బావగారూ. నాకు నా మనిషి కావాలి. తిట్టుకుంటే నన్ను తిట్టుకోండి.”

ఆయన విసురుగా బయటికి నడిచాడు. “మీకు సమ్మతమేనా?” అని డాక్టరమ్మ అడిగీ అడగకముందే భర్త కళ్ళు పైకెత్తాడు. అవునని గుర్తు. ఆమె సంతకం పెట్టింది.

గదిలో ఇద్దరే మిగిలాక, గుప్పిట్లోని కాగితం సాపుచేసి అతని ముందు పట్టుకుంది.

“ఒక్కచోటే కదా తడబడ్డాను?”

అతని కళ్ళు నవ్వాయి.

అందులో ప్రతి అక్షరమూ, నెల రోజులుగా, అతను చూపించి రాయించిందే.