చిట్టి బరువు

త్రాసు మీంచి దిగడానికి కూడా చిట్టికి ఓపిక లేదు. నీరజే దాని నడుం పట్టుకుని దించింది.

"మళ్లీ పెరిగింది. రాత్రిపూట తిండి ఎవరు పెడుతున్నారు?" అంది కుక్కల డాక్టర్.

"నేనే," అన్నారు మొగుడూ పెళ్లాలిద్దరూ ఒకేసారి.

నీరజ కిరీటి వైపు తిరిగింది. "ఆఫీస్ నుంచి రాగానే నేను పెడతాను కదా?"

"నేను కాల్స్ అయ్యాక కిందికొచ్చి పెడతా. గిన్నె ఖాళీగా ఉంటుంది మరి. నువ్వు పెట్టావని నాకేం తెలుసు?"

"అడగొచ్చు కదా?"

"నువ్వు చెప్పొచ్చు కదా?"

డాక్టర్ కంప్యూటర్ వైపు తల తిప్పుకుంది.

ప్లేనో ఊళ్లో తమ ఇల్లు చేరేదాకా ఎడమొహం పెడమొహమే. వెనక సీట్లోంచి చిట్టి ఆయాసం ఒక్కటే వినిపించింది. ఇద్దరి చేతి తిండీ తింటున్నది ఆ ఇంట్లో అదొక్కటే.

మర్నాడు సాయంత్రం కిరీటి మేడ దిగొచ్చి, అలవాటుగా గిన్నె తీసి, ఆగాడు.

"దీనికి పెట్టావా?"

"పెట్టాను."

గిన్నె కింద పెట్టేసి మళ్లీ మెట్లెక్కబోయాడు. భుజానికి ఇంకా ఆఫీస్ బ్యాగుతోనే సోఫాలో కూలబడి ఉంది నీరజ. నోరు విప్పే ఓపిక కూడా లేదు. అయినా అడిగింది.

"నువ్వు తిన్నావా?"