మౌస్‌దే తప్పు

"మళ్లీ చచ్చాను!" అంటూ అన్న హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పడేశాడు. "నేను నొక్కి ఎంతసేపైంది? ఇది ఇప్పుడా పేల్చేది? ఈ మౌస్ తగలెయ్య!"

చెల్లెలు పరుగున వచ్చింది. ఆమె కంప్యూటర్ షాపులో మెకానిక్. చెయ్యి తిరిగిన మనిషని పేరు. ఏం లాభం? సొంత అన్న మౌస్ ఒక్కటే లొంగడం లేదు.

కంప్యూటర్ తుపాకీ ఆటల్లో అన్న ఆషామాషీ ఆటగాడు కాదు. జట్టులో అతన్ని మెరుపు అనేవాళ్లు. ఎదుటివాడు గోడ చాటు నుంచి తల బయటపెట్టేలోపే పేల్చేసేవాడు. ఈమధ్యే వరసగా ఓడిపోతున్నాడు. పెద్ద పోటీ దగ్గరపడింది. అతన్ని జట్టులో ఉంచాలో తీసేయాలో తేల్చడానికి కెప్టెన్ ఆదివారం ఇంటికే వస్తానన్నాడు.

"నాలో లోపం లేదే. నిద్ర చాలట్లేదు, అంతేనని డాక్టర్ అన్నాడని నువ్వే చెప్పావుగా! ఎలాగైనా దీన్ని బాగుచెయ్యి. ఈ ఆట తప్ప నాకింకేం వచ్చు?" అంటూ అన్న మౌస్‌ను ఆమె ముందుకు తోశాడు.

ఆమె చేయని ప్రయత్నం లేదు. వైర్‌లెస్ మౌస్ తీసేసి వైరుది పెట్టింది. తెరను, ఆలస్యం తగ్గించే గేమ్ మోడ్‌లోకి మార్చింది. బొమ్మను ఆపి ఆపి చూపించే వీ-సింక్ తీసేసింది. వెనకాల నడిచే అక్కర్లేని ప్రోగ్రాములన్నీ ఆపేసింది.

"ఇప్పుడు చూడన్నా."

చూశాడు. మళ్లీ చచ్చాడు.

"షాపులో ఏం వెలగబెడుతున్నావే నువ్వు?"

ఆమె వంటింట్లోకి వెళ్లి, కుళాయి తిప్పి, ఆ చప్పుడులో వెక్కి వెక్కి ఏడ్చింది.

ఆదివారం అన్న పొద్దున్నే స్నానం చేసి మంచి చొక్కా వేసుకున్నాడు. గుండీలు చెల్లెలు పెట్టబోతే, "నేనేమైనా చంటిపిల్లాడినా?" అని విసుక్కున్నాడు. అయినా పెట్టించుకున్నాడు.

కెప్టెన్ వచ్చాడు. అన్న కంటే చిన్నవాడు, మొహమాటస్తుడు. వెనక నిలబడి అన్న ఆట చూశాడు. అన్న ఓడిపోయాడు. ఎలా చెప్పాలో తెలియక కెప్టెన్ నేల చూపులు చూస్తున్నాడు.

"నువ్వే ఓసారి ఆడి చూడు," అన్నాడు అన్న.

కెప్టెన్ కూర్చుని మౌస్ కదిపాడు. నొక్కాడు. మళ్లీ నొక్కాడు.

"ఓరి దేవుడా! ఇదేంటన్నా, ఇప్పుడు నొక్కితే ఎప్పటికో పేలుతోంది! దీంతో ఎవడాడినా ఇంతే."

అన్న ముఖం వెలిగిపోయింది. "విన్నావా? మౌస్‌దే తప్పని మొత్తుకుంటూనే ఉన్నాను!"

"ఈ పోటీకి వేరేవాణ్ని తీసుకెళ్తానన్నా. ఇది బాగవగానే వచ్చెయ్. నీ చోటు ఎక్కడికీ పోదు."

అన్న తలెత్తుకుని అతన్ని గుమ్మం దాకా సాగనంపాడు. తిరిగొచ్చి చెల్లెలి మీద విరుచుకుపడ్డాడు.

"నీవల్లే పోయింది నా ఛాన్సు! ఇంకెప్పుడూ నా కంప్యూటర్ ముట్టుకోకు."

"నాదే తప్పన్నా. నాకే చేతకాలేదు," అంది చెల్లెలు.

పొద్దున అతను స్నానంలో ఉండగా, తాను సరిచేసిన సెట్టింగులన్నీ ఒక్కొక్కటే మళ్లీ పాడుచేసింది ఆమే. ఆలస్యం మౌస్‌లో లేదనీ, అన్న చేతి నరాల్లో ఉందనీ, అది ఇక బాగవదనీ డాక్టర్ ఆమె ఒక్కదానికే చెప్పాడు.